నీట్ వదిలేసి మిషన్ ఆస్పత్రికి వెళ్తానంటోంది

ప్రశ్న: మా బిడ్డ ఇంటర్ బైపీసీ సెకండ్ ఇయర్. యూత్ మీటింగులో ఒడిశాలో కుష్ఠు రోగులకు సేవచేసిన ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్ గురించి విన్నప్పటి నుంచి దేవుని పిలుపు వచ్చిందంటోంది. నీట్ రాయదట, కుష్ఠు రోగుల దగ్గర పనిచేస్తుందట. కోచింగ్ ఫీజు మొత్తం కట్టేశాం. టెన్షన్‌గా ఉంది.
- ఒక తల్లి, నర్సంపేట

జవాబు: అమ్మా, మీ టెన్షన్ ఫీజు గురించి మాత్రమే కాదని అర్థమైంది. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో స్టెయిన్స్‌నూ, పదేళ్లు, ఆరేళ్ల ఇద్దరు కొడుకులనూ వాళ్లు పడుకున్న బండిలోనే తగలబెట్టారు. ఏ తల్లికైనా ముందు అదే కళ్లముందు మెదులుతుంది.

మీ అమ్మాయిని మాత్రం ఆ తర్వాతి ఐదేళ్లు చూడమనండి. భార్య గ్లాడిస్ చంపినవాళ్లను క్షమించానన్నారు. కూతురితో ఒడిశాలోని బారిపదలోనే ఉండి కుష్ఠు ఆశ్రమం పని సాగించారు. 2004లో భర్త పేరిట ఆస్పత్రి మొదలయ్యాకే ఆస్ట్రేలియా వెళ్లారు. 2005లో పద్మశ్రీ వచ్చింది. ఆవిడ నర్సు. మీటింగుల్లో క్షమాపణ గురించి చెప్పినంతగా ఈ సంగతి చెప్పరు, అదే నా ఫిర్యాదు.

అంత దూరం ఎందుకు, నిజామాబాద్ దగ్గర మన డిచ్‌పల్లి ఉంది. అక్కడ 1915లో కుష్ఠు ఆస్పత్రి మొదలుపెట్టిన ఇసబెల్ కెర్ స్కాట్లాండ్‌లో డాక్టరీ చదివి వచ్చిన మనిషి. సాయం చేసిన రాజా నర్సాగౌడ్ హిందువు. ఆమెను ఎవరూ చంపలేదు, అందుకేనేమో ఆమె కథ మన పిల్లల దాకా రావడం లేదు.

ఇక చదువు. వెల్లూరులోని క్రైస్తవ మెడికల్ కాలేజీ సీఎంసీలో ఎంబీబీఎస్‌కు కూడా నీట్ రాయాల్సిందే. చర్చి స్పాన్సర్‌షిప్‌తో సీటు వస్తే, చదువయ్యాక వాళ్లు చెప్పిన ఆస్పత్రిలో రెండేళ్లు పనిచేయాలి. మీ అమ్మాయికి అది శిక్ష కాదు, కోరుకున్నదే. ఎంబీబీఎస్ రాకపోతే బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. నన్నడిగితే ఫిజియోథెరపీ కూడా చూడమంటాను. కుష్ఠుకు ఇప్పుడు ఆరు నెలలో, ఏడాదో మందులు వాడితే క్రిమి చస్తుంది. వంగిపోయిన వేళ్లు మాత్రం మందులతో తిన్నగా కావు. స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటిది) మార్చే ఆపరేషన్ చేస్తారు, దానికి ముందూ తర్వాతా వారాల తరబడి వ్యాయామం చేయించే మనిషి లేకపోతే ఆ ఆపరేషన్ వృథా. నర్సింగ్, ఫిజియోథెరపీ అడ్మిషన్లకు వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీ నోటిఫికేషన్లు చూస్తుండండి.

జీతం కార్పొరేట్ ఆస్పత్రుల కంటే తక్కువే ఉంటుంది, ఆ మాట దాచకండి.

సెలవుల్లో ముందుగా ఫోన్ చేసి, అనుమతి తీసుకుని, తల్లీబిడ్డలు ఒక కుష్ఠు ఆస్పత్రికి వెళ్లిరండి. స్పర్శలేని పాదానికి పుండు కడిగి కట్టు కట్టడం దగ్గరుండి చూడనివ్వండి. ఆ వాసనకు తట్టుకుని మర్నాడు మళ్లీ వెళ్దామంటే, అప్పుడు పిలుపు గురించి మాట్లాడుకోవచ్చు. ఈలోగా ఫీజు కట్టిన కోచింగ్ మాన్పించకండి, నీట్ రాయనివ్వండి.