కార్డ్‌లెస్ డ్రిల్‌కి మారాక స్క్రూ తలలు ఎందుకు అరిగిపోతున్నాయి?

స్క్రూ బిగిశాక చేయి దానంతటదే ఆగుతుంది, మోటారు ఆగదు. అందుకే డ్రిల్ ముందు అంకెల రింగు ఉంటుంది, అదే క్లచ్: పెట్టిన అంకెకు తగ్గ బలం దాటగానే జారి, స్క్రూను తిప్పడం ఆపేస్తుంది. 4 దగ్గర మొదలుపెట్టండి. స్క్రూ తల చెక్కలోకి దిగకముందే క్లచ్ టకటకమంటూ జారితే ఒక్కో అంకె పెంచండి. రింగును డ్రిల్ గుర్తు మీద పెడితే క్లచ్ పనిచేయదు, చాలామంది పొరపాటు ఇదే. పైనున్న గేరు 1లోనే ఉండాలి: వేగం తక్కువ, బలం ఎక్కువ.

4 మి.మీ. స్క్రూకి మెత్తని చెక్కలో ముందుగా 2.5 మి.మీ. రంధ్రం వేయండి, గట్టి చెక్కయితే 3. స్క్రూ తలలో కూర్చునే బిట్ కూడా చూసుకోండి. పీహెచ్2 (ఫిలిప్స్), పీజడ్2 (పోజిడ్రైవ్) అనే ప్లస్ ఆకారపు బిట్లు ఒకేలా కనిపిస్తాయి కానీ ఒకదాని గాడిలో ఇంకొకటి సరిగ్గా కూర్చోదు. డ్రిల్‌ను స్క్రూకి నిటారుగా పట్టి, వెనకనుంచి గట్టిగా అదుముతూ ట్రిగ్గర్ మెల్లగా నొక్కండి. ఇత్తడి స్క్రూల చివరి అరచుట్టుకు మాత్రం చేతి స్క్రూడ్రైవరే మేలు.