సెమీ-హాలో గిటార్ కొనబోతున్న మేనల్లుడికి

అల్లుడూ,

నీ మెసేజ్ నిన్న రాత్రి చూశాను. ఫోన్లో రెండు మాటల్లో తేలే సంగతి కాదు కాబట్టి కూర్చుని రాస్తున్నాను. అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో ఉన్న కాలమజూలో చదువుకుంటూ సెమీ-హాలో గిటార్, అంటే సగం బోలుగా ఉండే ఎలక్ట్రిక్ గిటార్, కొనాలనుకోవడం నీ అదృష్టం. ఆ జాతి గిటార్ పుట్టిన ఊరే అది. నువ్వు ఫొటోలు పంపిన రెండూ సెకండ్ హ్యాండే. ఒకటి గిబ్సన్ ఈఎస్-335, ఇంకోటి హెరిటేజ్ హెచ్-535. గిబ్సన్ కొంటే దాచుకున్నదంతా అయిపోతుంది, హెరిటేజ్ కొంటే ఆ పేరు ఎవరికీ తెలియదు అని నీ బెంగ. పేరు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ గిటార్ కడుపులో ఏముందో తెలుసుకో.

లోపలంతా బోలుగా ఉన్న గిటార్‌కి పికప్ (తీగల కదలికని కరెంటుగా మార్చే పరికరం) పెట్టి, ఆంప్ (శబ్దాన్ని పెద్దది చేసే స్పీకరు పెట్టె) పెంచి ఎదురుగా నిలబడితే ఏమవుతుంది? ఆంప్‌లోంచి వచ్చే శబ్దానికి గిటార్ పై చెక్క అదురుతుంది. ఆ అదురు తీగల్ని కదిలిస్తుంది, పికప్ దాన్ని పట్టి మళ్లీ ఆంప్‌కి పంపుతుంది. ఇక కూత మొదలు, దీన్నే ఫీడ్‌బ్యాక్ అంటారు. మన ఊళ్లో పెళ్లి పందిట్లో మైకు కుయ్యిమంటుందే, అదే. దీన్ని వదిలించుకోవడానికి 1940 ప్రాంతంలో లెస్ పాల్ అనే వాద్యకారుడు న్యూయార్క్‌లోని ఎపిఫోన్ అనే గిటార్ కంపెనీ వర్క్‌షాపులో ఒక పని చేశాడు. నాలుగంగుళాల మందం ఉన్న పైన్ దుంగ తీసుకుని, దానికే తీగలూ పికప్పులూ బిగించాడు. చూసేవాళ్లకి గిటార్‌లా కనబడాలని ఒక బోలు గిటార్‌ని రెండుగా కోసి అటొకటీ ఇటొకటీ తగిలించాడు.

1958లో గిబ్సన్ తెచ్చిన 335లో కూడా నడుమ దుంగే ఉంది, కానీ ఎంతో నేర్పుగా. అప్పుడు కంపెనీ ప్రెసిడెంట్ టెడ్ మెకార్టీ. మెడ దగ్గర నుంచి కింది చివరి దాకా మధ్యలో మేపుల్ చెక్క దిమ్మ, దానికి రెండు వైపులా బోలు రెక్కలు. వెడల్పు 16 అంగుళాలు, మందం రెండంగుళాల లోపే. పై చెక్క వంపుగా ఉంటుంది, దిమ్మ పైభాగం చదునుగా ఉంటుంది. ఈ రెండింటి మధ్య ఖాళీని స్ప్రూస్ చెక్క ముక్కలతో నింపి అతికిస్తారు. పై చెక్క పలుచటి పొరల్ని అచ్చులో ఒత్తి చేసింది. 'ప్లైవుడ్డే కదా' అని ఎవరైనా పెదవి విరిస్తే పట్టించుకోకు. పొరల చెక్క తక్కువ అదురుతుంది, తొందరగా పగలదు. ఇలాంటి గిటార్‌కి అదే సరైనది.

ఆ దిమ్మ వల్ల నీకు వచ్చేదేమిటంటే, మీటిన స్వరం నిలబడుతుంది. నువ్వు చిన్నప్పుడు వీణ నేర్చుకున్నావు కాబట్టి ఇది నీకు సులువుగా అర్థమవుతుంది. మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ గారినే తీసుకో. మామూలు మాండలిన్ మీద మీటిన నాదం చటుక్కున ఆరిపోతుంది, దాంతో గమకం లాగడం కష్టం. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నాకే అందులో కర్ణాటక సంగీతం పలికింది. నువ్వు బ్లూస్‌లో తీగ సాగదీసినా, ఖరహరప్రియలో గాంధారాన్ని ఊపినా నీకు కావలసింది ఆ నిలకడే. రెక్కల్లో ఉన్న గాలి దానికి కాస్త మెత్తదనం ఇస్తుంది.

ఇప్పుడు పేరు సంగతి. ఆర్విల్ గిబ్సన్ మొదలుపెట్టిందీ మాండలిన్లతోనే. వయొలిన్ లాగా పై చెక్కని చెక్కి వంపు తెచ్చాడు. 1902లో కాలమజూ వ్యాపారులు అయిదుగురు కలిసి ఆయన పేరు మీద కంపెనీ పెట్టారు. 1917లో పార్సన్స్ స్ట్రీట్ 225 నంబరులో ఫ్యాక్టరీ కట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో మగవాళ్లు సైన్యంలోకి వెళ్లిపోతే అక్కడ గిటార్లు చేసింది ఎక్కువగా ఆడవాళ్లే. ఆ ముచ్చట ఎవరూ పెద్దగా చెప్పుకోరు, నువ్వన్నా గుర్తు పెట్టుకో. తర్వాత పని కొద్దికొద్దిగా టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌కి తరలిపోయి, 1984లో కాలమజూ ఫ్యాక్టరీ మూతపడింది. ఊరు వదిలి వెళ్లడం ఇష్టంలేని కొందరు పాత పనివాళ్లు, జిమ్ డర్లూ, మార్విన్ లాంబ్, జె.పి. మోట్స్ వగైరాలు, 1985లో అదే భవనంలో హెరిటేజ్ అనే కంపెనీ పెట్టుకున్నారు.

తొంభైల్లో నేను డెట్రాయిట్ పక్కన ఉద్యోగం చేస్తున్నప్పుడు ఒకసారి వెళ్లి చూశాను. ఇటుకల భవనం, పైన పొడుగాటి పొగగొట్టం, దాని మీద ఇంకా గిబ్సన్ అనే అక్షరాలు. లోపల చేస్తున్నది మాత్రం హెరిటేజ్ గిటార్లు. ఒక పెద్దాయన మెడని చేత్తో తడిమి చూసుకుంటూ గీకుతున్నాడు. కొలత చూసేది ఆయన అరచెయ్యే. ఆ రోజు నుంచీ నాకు వారసత్వం అంటే గిటార్ తల మీద ఉన్న పేరు కాదు, ఆ చెయ్యే. అలాగని గిబ్సన్‌ని తక్కువ చేయడం లేదు. ఆ నమూనా వాళ్లది, నాష్‌విల్‌లోనూ మంచి గిటార్లు వచ్చాయి. నేననేది ఒక్కటే, పేరు కోసం అదనంగా ఒక్క డాలరు కూడా పెట్టకు. రెండింటినీ ఒకే ఆంప్ మీద, ఒకే పాట వాయించి చూసి నీ చేతికి నచ్చింది తీసుకో. నా మొగ్గు అడిగావు కాబట్టి చెబుతున్నా, 535 ఒళ్లు బాగుంటే నేనైతే అదే కొంటాను.

ఒళ్లు బాగుందో లేదో ఎలా చూడాలంటావా? మొట్టమొదట తల చూడు, అంటే మెడ చివర తీగలు బిగించే మరలుండే చోటు. ఈ గిటార్లలో తల వెనక్కి వాలి ఉంటుంది. మెడ వంగకుండా లోపల ఉండే ఇనుప కడ్డీని బిగించే మర కోసం సరిగ్గా అక్కడే చెక్క తొలుస్తారు, అందుకే పడితే ముందు విరిగేది అదే చోటు. నేను కొన్న మొదటి సెమీ-హాలోకి అక్కడ అతుకు ఉంది. అమ్మినాయన చెప్పలేదు, పైన రంగు వేసి ఉండడంతో నేనూ గమనించలేదు. ఆరు నెలలకి బీట తేలింది. అందుకని ఫోన్ టార్చ్ పక్కవాటుగా పట్టి తల వెనక భాగం, నట్టు (తల మొదట్లో తీగలు ఆనే చిన్న పట్టీ) కింద రెండు పక్కలా చూడు. వెంట్రుకంత గీత కనబడినా అడుగు. బాగా అతికించిన గిటార్ వాయించడానికి పనికొస్తుంది, కానీ ధర బాగా తగ్గాలి.

తర్వాత ఎఫ్-హోల్‌లోంచి, అంటే పై చెక్క మీద ఎఫ్ అక్షరంలా కోసిన రంధ్రంలోంచి, టార్చ్ వేసి లోపల దిమ్మ ఎక్కడైనా ఊడిందేమో చూడు. పై చెక్కని గోటితో తట్టుకుంటూ అటు నుంచి ఇటు రా. రెక్క దగ్గర డొల్లగా, మధ్యలో గట్టిగా పలకాలి. మధ్యలో ఎక్కడైనా గిలక్కాయలా చప్పుడు వస్తే వదిలెయ్యి. నాబ్‌లన్నీ ఒకటికి రెండుసార్లు తిప్పు. గరగరమంటే మామూలు గిటార్‌లో పది నిమిషాల పని. ఇందులో వెనక మూత ఉండదు కాబట్టి వైర్లన్నీ ఎఫ్-హోల్‌లోంచే బయటికి లాగి, మళ్లీ అందులోంచే లోపలికి పంపాలి. మెకానిక్ ఖర్చు గట్టిగానే అవుతుంది, బేరంలో ఆ మాట ఎత్తు. ఇంకో సంగతి, ఆంప్ పెట్టకుండా కూడా కాసేపు వాయించు. కరెంటు లేకుండా మోగని గిటార్ కరెంటుతోనూ అంతంతమాత్రమే.

ఫీడ్‌బ్యాక్ పూర్తిగా పోతుందనుకోకు, తగ్గుతుందంతే. బ్లూస్ గిటారిస్టు బీబీ కింగ్ అంతటాయన పేరు మీద గిబ్సన్ 1980లో లూసిల్ మోడల్ తెచ్చినప్పుడు అసలు ఎఫ్-హోల్సే లేకుండా చేశారు. నువ్వైతే ఆంప్‌కి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకి తిరిగి నిలబడితే చాలు.

కొన్నాక జాగ్రత్తలు. ఇంకో రెండు నెలల్లో మీకు చలి మొదలవుతుంది. హీటర్ వేసిన గదిలో గాలి ఎండిపోయి చెక్క ముడుచుకుంటుంది, ఫ్రెట్ల (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్ల) కొసలు వేళ్లకి గుచ్చుకుంటాయి. తేమ 45, 55 శాతం మధ్య ఉండేలా చూసుకో, చిన్న మీటరు కొని కేసులో పడెయ్యి. బయట మంచులోంచి ఇంటికి తెచ్చిన వెంటనే కేసు తెరవకు, గంటో రెండు గంటలో అలాగే వదిలెయ్యి. గిటార్ మీది చల్లటి లక్క పూతకి వేడి గాలి ఒక్కసారిగా తగిలితే సాలెగూడులా పగుళ్లొస్తాయి. రబ్బరు స్టాండు మీద కూడా పెట్టకు, పాలిష్ మెత్తబడి అంటుకుపోతుంది. మన వైజాగ్‌కి తెచ్చుకునే రోజు వస్తే కష్టం దీనికి తలకిందులుగా ఉంటుంది. ఇక్కడ ఉప్పుగాలికి నా తీగలు నెలకే తుప్పు పడుతున్నాయి.

శనివారం షాపుకి వెళ్లినప్పుడు అక్కడి నుంచే వీడియో కాల్ చెయ్యి. నీకు మధ్యాహ్నం మూడైతే నాకు అర్ధరాత్రి పన్నెండున్నర, మేలుకునే ఉంటాను. ముందు తల వెనక భాగం చూపించు. తర్వాత రెండు గిటార్ల మీదా మూడో తీగ ఏడో ఫ్రెట్ దగ్గర మీటి, అది ఆరిపోయేదాకా మాట్లాడకుండా ఉండు. నేనూ వింటాను.

దీవెనలతో,
మావయ్య