స్క్రాంబుల్ అయిన టీవీ బొమ్మను సరిచేస్తున్నాడు.. ఈసీఈలో చేర్చాలా, సీఎస్‌ఈలోనా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. బాబు ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. నెట్‌లో దొరికిన పాత స్క్రాంబుల్డ్ (డబ్బు కట్టనివాళ్లకు కనిపించకుండా బొమ్మను చెదరగొట్టిన) టీవీ రికార్డింగులు ముందేసుకుని, ప్రోగ్రాం రాసి, గీతలన్నీ జరిపి బొమ్మ తెప్పిస్తున్నాడు. చదువు పాడవుతుందని ల్యాప్‌టాప్ బీరువాలో పెట్టాం. వాడు ఈసీఈ అంటున్నాడు, మేము సీఎస్‌ఈ ఏఐ అనుకుంటున్నాం. ఏది మేలు?

జవాబు: అన్నా, మీరు అడిగింది బ్రాంచి గురించే అయినా అసలు భయం వేరే ఉంది. కొడుకు చివరికి డిష్‌లు బిగించుకుంటూ తిరుగుతాడేమో, దొంగ కనెక్షన్ల కేసులో ఇరుక్కుంటాడేమో అని. ఇలాంటి తల్లిదండ్రులు ఏటా వస్తుంటారు.

వాడు చేస్తున్న పని ఏంటో ఒక్కసారి చూడండి. పాత పాల్ (PAL అనే అనలాగ్ పద్ధతి) టీవీ బొమ్మకు 625 గీతలు, ఒక్కో గీతకు 64 మైక్రోసెకన్లు. గీత మొదట్లో, ఇక్కడ గీత మొదలైందని టీవీకి చెప్పే 4.7 మైక్రోసెకన్ల సింక్ పల్స్ ఉంటుంది. దాన్ని అణిచేసి పంపితే గీత ఎక్కడ మొదలైందో టీవీకి అంతుపట్టక బొమ్మ వంకర్లు పోతుంది. పక్కపక్క గీతలు దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి, పై గీతతో కలిసేదాకా కింది గీతను జరుపుతున్నాడు మీ పిలగాడు. దీన్నే కోరిలేషన్ అంటారు. జీపీఎస్ రిసీవర్ ఉపగ్రహాన్ని పోల్చుకునేదీ, సెల్‌ఫోన్ టవర్‌ను పట్టుకునేదీ ఈ లెక్కతోనే. ఇంటర్‌లోనే ఇది సొంతంగా తట్టిన పిల్లవాడి చేతిలోంచి ల్యాప్‌టాప్ లాక్కున్నారు! కోపం తెచ్చుకోకండి, అది తప్పు. ఇవాళే తీసి ఇవ్వండి. పరీక్షలయ్యేదాకా రాత్రి ఒక గంట అని మాట తీసుకోండి, చాలు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పండి: ఇప్పటి పే చానెళ్ల డిజిటల్ తాళం జోలికి పోవద్దు. హక్కులకు గండికొట్టడానికి అలాంటి రక్షణను ఛేదిస్తే, 2012లో కాపీరైట్ చట్టంలో చేర్చిన 65ఏ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు. డీడీ ఫ్రీ డిష్‌లో తాళం లేని చానెళ్లున్నాయి. ప్రతి 188 బైట్లకూ ఒకసారి వచ్చి, కొత్త ప్యాకెట్ మొదలైందని చెప్పే సింక్ బైటును వాటి సిగ్నల్‌లో వెతకమనండి.

ఇక సీఎస్‌ఈ ఏఐ. ఆ పేరు మీద నాకు చాలా అనుమానాలున్నాయి. బోర్డు మార్చిన ప్రతి కాలేజీలో పాఠం చెప్పేవాళ్లు మారారా? లక్షలు కట్టేముందు అక్కడి నాలుగో ఏడాది పిల్లలను కలిసి, సొంతంగా ఏం తయారుచేశారో అడగండి. నీళ్లు నమిలితే వెనక్కి వచ్చేయండి. పక్కింటివాళ్లు చేర్చారని మాత్రం చేర్చకండి.

ఈసీఈలో సిగ్నల్స్, డీఎస్పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్), డిజిటల్ కమ్యూనికేషన్స్ వస్తాయి. అవి చదివినవాడు కావాలంటే సాఫ్ట్‌వేర్‌కూ పోగలడు. సీఎస్‌ఈ నుంచి ఇటు రావడమే కష్టం. ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్, రక్షణ పరిశోధనశాల డీఎల్‌ఆర్‌ఎల్, ఫోన్ చిప్‌ల కంపెనీ క్వాల్‌కామ్ ఆఫీసు లాంటివన్నీ హైదరాబాద్‌లోనే ఉన్నాయి. వాడు కోరిన బ్రాంచే ఇప్పించండి. కాలేజీ ఎంచుకునేటప్పుడు మాత్రం కమ్యూనికేషన్స్ ల్యాబు తలుపు తీయించి, లోపల పరికరాలు పనిచేస్తున్నాయో లేదో వాడినే చూడమనండి.