ముందు వడ్డీ లెక్క వెయ్యి

విజయవాడ

చిరంజీవికి ఆశీస్సులు.

గుంటూరు నుంచి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివానమ్మా. తొలి విశ్వంలో మహా కృష్ణబిలాలు ఎలా పెరిగాయన్న విషయం ఎంచుకున్నందుకు సంతోషం. కానీ మొదటి పేజీ అంతా వాటి పరిమాణం వర్ణించడానికే సరిపోయింది. ఎం87 గెలాక్సీ నడిబొడ్డున ఉన్నది సుమారు 650 కోట్ల సూర్యుళ్ళ ద్రవ్యరాశి. అయినా దానితో ఎవరికీ పేచీ లేదు. పెరగడానికి దానికి 1,300 కోట్ల ఏళ్ళకు పైగా దొరికాయి. చిక్కంతా జె0313-1806 లాంటి క్వాసార్లతో, అంటే మహా కృష్ణబిలం మేత మేస్తూ ఉండగా ధగధగ వెలిగే గెలాక్సీ నడిబొడ్డులతో. 2021లో ప్రకటించిన ఈ క్వాసార్‌లోని కృష్ణబిలం సుమారు 160 కోట్ల సూర్యుళ్ళంత. మనకు కనబడుతున్నదేమో మహావిస్ఫోటం జరిగిన 67 కోట్ల ఏళ్ళకు దాని రూపం. నీ వ్యాసం అక్కడ మొదలవ్వాలి.

ఆ వెంటనే ఎడింగ్టన్ హద్దు. కృష్ణబిలం వైపు జారే వాయువు సుడి తిరుగుతూ పళ్ళెంలా పరుచుకుంటుంది, రాపిడికి కాగి వెలుగుతుంది. ఆ వెలుగే వెనక వచ్చే వాయువును బయటికి నెడుతుంది. నెట్టుడూ లాగుడూ సమానమైన చోట మేతకు హద్దు పడుతుంది. ఇక్కడ ఒక మెలిక నీ ప్రతిలో జారిపోయింది: ద్రవ్యరాశి పెరిగేకొద్దీ ఆ హద్దు కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. అందుకే ఇది చక్రవడ్డీ. పడిన పదార్థంలో పదో వంతు వెలుగుగా పోయి, మిగతాది లోపల కలుస్తుందనుకుంటే, ద్రవ్యరాశి రెట్టింపవడానికి సుమారు 3.5 కోట్ల ఏళ్ళు పడుతుంది.

మన వాళ్ళకు ఇది చెప్పడం ఎంత తేలికో చూడు. నూటికి రెండు రూపాయల వడ్డీ, నెలనెలా అసలులో కలిపితే, సొమ్ము 35 నెలలకు రెట్టింపు. ఒక నెలను 10 లక్షల ఏళ్ళనుకో, కృష్ణబిలం లెక్క అచ్చంగా అదే.

ఇప్పుడు పాఠకుడి కళ్ళ ముందే లెక్క వెయ్యి. తొలి తరం నక్షత్రం చచ్చి 100 సూర్యుళ్ళ కృష్ణబిలం మిగిలిందనుకో. 160 కోట్లకు చేరాలంటే 24 సార్లు రెట్టింపవ్వాలి: 84 కోట్ల ఏళ్ళు. ఉన్నవే 67. అందులోనూ తొలి నక్షత్రాలు వెలిగేసరికే 10 నుంచి 20 కోట్ల ఏళ్ళు గడిచాయి. పైగా ఆ నక్షత్రమే బతికుండగా చుట్టూ ఉన్న వాయువును తరిమేసి ఉంటుంది కాబట్టి మేత వెంటనే దొరకదు. అదే 1 లక్ష సూర్యుళ్ళ విత్తనంతో, అంటే అంత పెద్ద తొలి కృష్ణబిలంతో మొదలైతే 14 రెట్టింపులు, 49 కోట్ల ఏళ్ళు. సరిపోతుంది, అదీ బొటాబొటిగా.

అంత పెద్ద విత్తనం ఎలా పుడుతుందన్నది ఓపిగ్గా రాయి. బరువైన మూలకాలు లేని వాయుమేఘం కావాలి. పక్క గెలాక్సీ నుంచి వచ్చే అతినీలలోహిత కాంతి అందులోని హైడ్రోజన్ అణువులను విడగొట్టాలి. మేఘాన్ని చల్లబరిచేవి ఆ అణువులే గనుక, అప్పుడది సుమారు 8,000 డిగ్రీల కంటే బాగా చల్లబడటం కుదరదు. చల్లబడకపోతే చిన్న నక్షత్రాలుగా ముక్కలు కాకుండా మొత్తంగా కుంగుతుంది. ఖగోళ భౌతిక శాస్త్రవేత్త ప్రియంవద నటరాజన్ ఏళ్ళ తరబడి పనిచేసింది ఈ దారి మీదే. 2023లో చంద్ర, వెబ్ అంతరిక్ష టెలిస్కోపులు కలిసి చూపిన యూహెచ్‌జడ్1 అనే గెలాక్సీ దీనికి బలం. అక్కడి కృష్ణబిలం తన గెలాక్సీలోని నక్షత్రాలన్నింటికీ ఇంచుమించు సాటి అని అంచనా. మన చుట్టుపక్కల గెలాక్సీల్లో అది నక్షత్ర ఉబ్బు (గెలాక్సీ నడుమ నక్షత్రాలు గుమిగూడిన భాగం) ద్రవ్యరాశిలో వెయ్యింట ఒకటి రెండు వంతులే.

రెండో దారిని కొట్టిపారేయకు. ఎడింగ్టన్ హద్దు అన్ని వైపుల నుంచీ సమంగా పడే వాయువుకు వేసిన లెక్క. పళ్ళెంలా వచ్చే వాయువు కొంతకాలం దాన్ని దాటగలదు. మహావిస్ఫోటం జరిగిన 44 కోట్ల ఏళ్ళకు కనబడే జీఎన్-జడ్11 గెలాక్సీలో సుమారు 16 లక్షల సూర్యుళ్ళ కృష్ణబిలం హద్దుకు ఐదు రెట్లు మేస్తోందని 2024లో అంచనా వేశారు. ఆ జోరు ఎంతకాలం నిలుస్తుందన్నదే తగువు.

“చుట్టూ ఉన్నదంతా పీల్చేస్తుంది” అన్న వాక్యం తీసెయ్యి. సూర్యుడి స్థానంలో అంతే ద్రవ్యరాశి ఉన్న కృష్ణబిలం పెట్టినా భూమి కక్ష్య మారదు. “బరువు” అని రాసినచోట ద్రవ్యరాశి అను. జె0313-1806, జీఎన్-జడ్11 ద్రవ్యరాశులు వర్ణపట రేఖల (వెలుగును రంగులుగా విడదీస్తే కనబడే గీతల) వెడల్పు నుంచి కట్టిన అంచనాలు. రెండు మూడు రెట్లు అటూ ఇటూ కావచ్చు కనుక “సుమారు” వదలొద్దు. బిలియన్ అంటే 100 కోట్లు. నీ ప్రతిలో 1.6 బిలియన్ ఒకచోట 16 కోట్లయింది, దాంతో 24 రెట్టింపులు 21కి దిగి చిక్కు సగం విడిపోయినట్టు కనబడింది.

లెక్క ఉన్న పేరా ఒక్కటీ ముందు సవరించి పంపు. సున్నాలు నేనూ లెక్కపెడతాను.