టెక్ సందేహాలు: సమర్థుడైన సభ్యుడికి నియమాలు వర్తించవా?

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ డెవలపర్ల చర్చా బృందానికి నేను మోడరేటర్‌ని. అందరికంటే ఎక్కువ సమాధానాలు రాసే సభ్యుడొకరు ‘డాక్యుమెంటేషన్ చదవడం కూడా రాదా’ అంటూ కొత్తవారిని చిన్నబుచ్చుతున్నారు. ఆయనను తొలగిస్తే కష్టమైన ప్రశ్నలకు జవాబిచ్చేవారే ఉండరన్న భయంతో ఊరుకుంటున్నాం. ఏం చేయాలి?

జవాబు: మీ భయంలో న్యాయం ఉంది, కానీ మీ లెక్కలో ఒక పక్కే ఉంది. ఆయన రాసిన సమాధానాలు అందరికీ కనిపిస్తాయి. ఆయన మాటలు చదివి, టైప్ చేసిన ప్రశ్నను పంపకుండానే చెరిపేసి వెళ్లిపోయినవారు ఎవరి కంటా పడరు. రేపు మీ బృందంలో జవాబులు చెప్పవలసినవారు వారిలోనే ఉంటారు. అందుకే నియమం ముందుగా అమలు కావలసింది అందరికంటే సమర్థుడి విషయంలోనేనని నా గట్టి నమ్మకం.

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటి కెర్నెల్ అభివృద్ధిలో కటువైన మాటలు ఏళ్ల తరబడి మామూలుగా చెల్లిపోయాయి. 2018 సెప్టెంబరులో దాని సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ తన ప్రవర్తనకు బహిరంగంగా క్షమాపణ చెప్పి కొన్ని వారాలు పని నుంచి తప్పుకున్నారు. అదే సమయంలో ‘కాంట్రిబ్యూటర్ కవెనెంట్’ అనే నమూనా నియమావళి ఆధారంగా రూపొందిన ప్రవర్తనా నియమావళిని ఆ ప్రాజెక్టు స్వీకరించింది. సృష్టికర్త లేని ఆ వారాల్లోనూ కెర్నెల్ పని ఆగలేదు.

ఆ సభ్యుడికి ముందుగా వ్యక్తిగతంగా రాయండి. ‘మర్యాదగా ఉండండి’ అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు కాబట్టి, ఆయన రాసిన వాక్యాన్నే ఉటంకించి, అదే సాంకేతిక విషయాన్ని మనిషిని తాకకుండా ఎలా చెప్పవచ్చో పక్కనే రాసి చూపండి. కోడ్‌ను ఎంత కఠినంగానైనా విమర్శించవచ్చని, రాసినవారిని కించపరచడం మాత్రం కుదరదని స్పష్టం చేయండి. మళ్లీ జరిగితే కారణం చెప్పి కొద్ది రోజులు పోస్టింగ్ నిలిపివేయండి; అప్పటికీ మారకపోతేనే తొలగింపు.

ఆయన చిరాకుకు మూలం చాలావరకు అలసట అయి ఉండవచ్చు. ఒకే ప్రశ్న పదేపదే వస్తుంటే ఓపిక ఎవరికైనా నశిస్తుంది. 2008లో మొదలైన ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో, పాత ప్రశ్నే మళ్లీ వస్తే దాన్ని మూసి, ముందే ఉన్న సమాధానానికి లింకు ఇస్తుంది. మీరూ తరచూ వచ్చే ప్రశ్నలకు మంచి జవాబులు ఎంచి పిన్ చేయండి; ఆ ఎంపికను ఆయనకే అప్పగిస్తే ఇంకా మంచిది. కొత్తగా అడిగేవారు వాడుతున్న వెర్షన్, ఎర్రర్ సందేశం పూర్తి పాఠం, సమస్యను తిరిగి చూపించగల అతి చిన్న కోడ్, అప్పటివరకూ చేసి చూసిన ప్రయత్నాలు ఇవ్వాలని ఒక నమూనా పెట్టండి. ఎర్రర్‌ను స్క్రీన్‌షాట్‌గా కాక అక్షరాలుగానే ఇవ్వమనండి, లేకపోతే తర్వాత వెతికినవారికి అది దొరకదు.

ఇక మీ నిర్ణయాలను ఎవరు పరిశీలిస్తారన్నది మీరు అడగలేదు, కానీ అడగవలసిన ప్రశ్నే. 2021 నవంబరులో రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష మోడరేషన్ బృందం మొత్తంగా రాజీనామా చేసింది. ఆ ప్రాజెక్టు నాయకత్వ బృందమైన కోర్ టీమ్ తనకు తప్ప మరెవరికీ జవాబుదారీగా లేకపోవడంతో దానిపై నియమావళిని అమలు చేయలేకపోతున్నామన్నది వారు చెప్పిన కారణం. నిర్వాహకులకు వర్తించని నియమాన్ని సభ్యులు ఎక్కువకాలం గౌరవించరు. సస్పెన్షన్‌ను కనీసం ఇద్దరు కలిసి నిర్ణయించండి, గొడవలో ఉన్న మోడరేటర్ పక్కకు తప్పుకోవాలి, కారణాన్ని రాతలో ఉంచండి.

ప్రశ్న: ఒక సభ్యుడు పోస్ట్ చేసిన కోడ్‌లో ఆయన ఏపీఐ కీ (ఒక ఆన్‌లైన్ సర్వీసును ప్రోగ్రామ్ ద్వారా వాడుకోవడానికి పాస్‌వర్డ్‌లా పనిచేసే రహస్య సంకేతం) కనిపించింది. పోస్ట్ తొలగిస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. వెంటనే తొలగించండి, కానీ అప్పటికే అది నోటిఫికేషన్లలోనో, బాట్ల చేతిలోనో, ఈమెయిళ్లలోనో చేరి ఉండవచ్చు. ఆ కీని సర్వీసు ఖాతాలో రద్దు చేసి కొత్తది తీసుకోవాలని, పాతదాని వినియోగ రికార్డును పరిశీలించాలని ఆ సభ్యుడికి నేరుగా తెలియజేయండి. అందరి ముందూ ఎత్తిచూపితే రద్దయ్యేలోపు మరికొందరి దృష్టి దానిపై పడుతుంది.