గొంతులో గొట్టం, బుడగలో గాలి

ప్రశ్న: మా బాబుకి నాలుగేళ్లు. వచ్చే వారం టాన్సిల్స్ ఆపరేషన్. గొంతులో బుడగ ఉన్న గొట్టం వేస్తారట, అది లోపల ఒరుసుకుంటుందేమోనని ఒకటే టెన్షన్ డాక్టరు గారూ.
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: మీ భయం ఊరికే వచ్చింది కాదమ్మా. మత్తులో ఊపిరి అందించే ఆ గొట్టం చుట్టూ ఉండే బుడగని కఫ్ అంటారు, అది గొట్టం పక్కనుంచి గాలి పోకుండా, నోట్లోని రక్తం ఊపిరితిత్తుల్లోకి జారకుండా ఆపుతుంది. ఒకప్పుడు ఎనిమిదేళ్ల లోపు పిల్లలకి ఎక్కువగా కఫ్ లేని గొట్టాలే వేసేవాళ్లు, ఇప్పుడు మెత్తటి కఫ్‌లు వచ్చాక పద్ధతి మారింది. కానీ కఫ్‌లో గాలి ఎక్కువైతే శ్వాసనాళం లోపలి పొరకి రక్తం సరిగా అందదు, పొర వాస్తుంది, గొట్టం తీశాక ఊపిరి పీలుస్తుంటే కూత వస్తుంది, అరుదుగా నాళమే ఇరుకవుతుంది. అందుకే పిల్లల్లో కఫ్ లోపలి ఒత్తిడిని సాధారణంగా 20 సెంటీమీటర్ల నీటిమట్టం (ఇది ఒత్తిడికి కొలత) దాటనివ్వరు. కఫ్‌కి కలిపి బయట వేలాడే చిన్న బుడగని వేళ్లతో నొక్కి సరిపోయిందనుకోవడం నాకు అస్సలు నచ్చదు, ఒత్తిడి కొలిచే గుండ్రటి ముల్లు మీటరు తగిలించి చూడాల్సిందే, మత్తు కోసం నైట్రస్ ఆక్సైడ్ అనే వాయువు ఇస్తే మాత్రం మళ్లీ మళ్లీ చూడాలి, ఎందుకంటే ఆ వాయువు కఫ్‌లోకి చేరి ఒత్తిడి పెంచేస్తుంది. "కఫ్ ప్రెషర్ మీటరుతో చూస్తారా?" అని మత్తు డాక్టరుని మొహమాటపడకుండా అడగండి. ఇంటికొచ్చాక ఒకట్రెండు రోజులు గొంతు బొంగురుగా ఉండటం మామూలే. ఊపిరిలో కూత, డొక్కలెగరేయడం కనిపిస్తే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.