కొత్త అక్వేరియంలో నీళ్లు తేటగానే ఉన్నా చేపలు ఎందుకు చనిపోతున్నాయి?

చేపలు వేసిన వారం పది రోజులకే చనిపోతుంటే ముందుగా అనుమానించాల్సింది అమ్మోనియాని. అది కంటికి కనపడదు, అందుకే నీళ్లు తేటగా ఉన్నాయని నమ్మి మోసపోతాం. చేపల విసర్జన నుంచి, తినకుండా వదిలేసి కుళ్లిన మేత నుంచి అది వస్తుంది. కుదురుకున్న ట్యాంకులో ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపలకు విషమే. నైట్రేట్ బాగా పెరిగితే తప్ప పెద్దగా హాని చేయదు. ఈ బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో, అడుగున ఉన్న గులకరాళ్ల మీద స్థిరపడటానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది.

కాబట్టి దయచేసి తొందరపడకండి. నీళ్లు నింపి, చేపలు వేయని ట్యాంకులో ఫిల్టర్ నడుపుతూ రోజూ చిటికెడు మేత వేయండి. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ ముందు పెరిగి, తర్వాత రెండూ 0కి దిగాకే చేపలు తెచ్చుకోండి. ఆరోగ్యంగా ఉన్న పాత ట్యాంకు నుంచి వాడిన స్పాంజి ముక్క దొరికితే ఈ పని చాలా త్వరగా అవుతుంది.

చేపలు ఇప్పటికే ఉంటే మేత సగానికి తగ్గించి, రోజూ పావు వంతు నీళ్లు మార్చండి. కుళాయి నీళ్లలోని క్లోరిన్ మొప్పలను దెబ్బతీస్తుంది, మంచి బ్యాక్టీరియానీ చంపుతుంది. బకెట్‌లో ఒక రోజు నిలవ ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది కానీ క్లోరమైన్ (కొన్నిచోట్ల కుళాయి నీళ్లలో క్లోరిన్ బదులు కలిపే, క్లోరిన్-అమ్మోనియా కలిసిన మందు) పోదు. అందుకే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయడమే మేలు. స్పాంజిని కుళాయి కింద మాత్రం కడగకండి, ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండండి.